కళ్ళు మూసుకుంటే మీకు నిజంగానే బొమ్మ కనిపిస్తుందా?

పెంకుటిల్లు:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి, నాకు ఇది నిజంగా తెలుసుకోవాలని ఉంది.

తెనాలి దగ్గర ఒక పల్లెలో మా అమ్మమ్మగారి పాత పెంకుటిల్లు ఉండేది. పోయినేడు అమ్మేశాం, కొన్నవాళ్ళు పడగొట్టేశారు. ఇంటికంటూ తీసిన ఫొటో ఒక్కటీ లేదు, పెళ్ళి ఫొటోల్లో మనుషుల వెనకాల కనిపించే గోడ ముక్కలు తప్ప. అమ్మ ఈమధ్య ఆ ఇంటి గురించే ఎక్కువ మాట్లాడుతోంది. అందుకని మొన్న సంక్రాంతికి అందరం కలిసినప్పుడు నేనూ అక్కా గుర్తున్నంతవరకు ఆ ఇల్లు కాగితం మీద గీసి అమ్మకిద్దామనుకుని, ఒకరిది ఒకరు చూడకుండా చెరో కాగితం మీద గీశాం.

నేను గీసింది ప్లాన్. వీధి అరుగు, గడప దాటితే వసారా, కుడిచేతివైపు ధాన్యం గది, దాన్ని ఆనుకుని వంటిల్లు, అక్కణ్ణుంచి రెండు మెట్లు దిగితే పెరడు, పెరట్లో ఎడమవైపు నుయ్యి, పక్కనే గాబు. గుమ్మం నుంచి నూతి దాకా ఎన్ని అడుగులో కూడా చెప్పగలను. అమ్మ చూసి ఎక్కడా తప్పు లేదంది. అక్క గీసింది వేరే. ద్వారబంధానికి పసుపు, దాని మీద కుంకుమ బొట్లు, అటక మీద ఇత్తడి గంగాళం, కిటికీ ఊచకి ఎవరో కట్టి మర్చిపోయిన రిబ్బను ముక్క. ఒక గోడ గడియారం కూడా గీసింది గానీ అది ఆ ఇంట్లోది కాదు, పెద్దమ్మ వాళ్ళింట్లోది అని అమ్మ చెప్పింది.

అప్పుడు అక్క అడిగింది, నీ బొమ్మలో వస్తువులే లేవేంట్రా అని. వీధి తలుపు ఏ రంగో చెప్పు అంది. నీలం అన్నాను. కనిపిస్తోందా అంది. కనిపించడమేమిటి, తెలుసు అన్నాను. కళ్ళు మూసుకుని చూడు అంది. మూసుకున్నాను. నల్లగా ఉంది, అంతే. నాకు ఎప్పుడూ అంతే. "కళ్ళకు కట్టినట్టుంది", "కళ్ళముందు మెదులుతోంది" అని జనం అంటుంటే అవన్నీ మాటవరసకి అనేవనుకున్నాను ఇన్నేళ్ళూ, నాకు 41 ఏళ్ళు. అక్కకి నిజంగానే తలుపు కనిపిస్తోందట, దాని మీద రంగు పెచ్చులూడిన చోటు కూడా.

కానీ శబ్దాలు అలా కాదు. నూతి గిలక కీచుమనడం, చేద నీళ్ళలో పడ్డప్పుడు కింద నుంచి వచ్చే చప్పుడు, తాతయ్య తెల్లవారుజామున దగ్గే దగ్గు, ఇవన్నీ నాకు ఇప్పుడు ఇది టైప్ చేస్తుంటే కూడా వినిపిస్తున్నాయి. వాసనలు మాత్రం తలుచుకుంటే ఒక్కటీ రావు. ధాన్యం గది తలుపు తీయగానే వచ్చే వాసన తనకి ఇప్పటికీ వస్తుందంటుంది అక్క. నాకు రాదు. అయితే పోయిన నెల పనిమీద ఒక రైస్ మిల్లుకి వెళ్తే, లోపల అడుగు పెట్టగానే ఏడేళ్ళ వయసులో ఆ గదిలో ఉన్నట్టయిపోయి అక్కడే నిలబడిపోయాను.

అసలు సంగతి ఇంకోటి ఉంది. నాన్న పోయి ఆరేళ్ళయింది. ఫొటో చూస్తే తప్ప నాన్న మొహం నాకు గుర్తుకు రాదు. "ఏరా, తిన్నావా" అనే గొంతు మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు వస్తుంది. అందరికీ ఇంతే అనుకున్నాను. కళ్ళు మూసుకుంటే నాకు నాన్న కనిపిస్తాడు అని అక్క మామూలుగా అనేసింది, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇది జబ్బా? శబ్దం వచ్చి, బొమ్మ రాక, వాసన తలుచుకుంటే రాక తగిలితే మాత్రం అంతలా గుర్తురావడమేమిటి? నేర్చుకుంటే వస్తుందా?

మెదడు_విద్యార్థి:

జబ్బు కాదండి, ముందు ఆ టెన్షన్ వదిలెయ్యండి. నేను సైకాలజీలో పరిశోధన చేస్తున్నాను, ఈ విషయం మీద చాలా చదివాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మీరు చెప్పినదానికి పేరుంది, అఫాంటేసియా. మనసులో బొమ్మ కట్టలేకపోవడం. పేరు పెట్టి పదేళ్ళు దాటిందంతే, 2015లో బ్రిటన్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీకి చెందిన ఆడమ్ జెమన్ అనే న్యూరాలజిస్టు పెట్టారు. ఊహాశక్తికి అరిస్టాటిల్ వాడిన ఫాంటేసియా అనే మాటకి ముందు అ చేర్చారు, మన అజ్ఞానం, అశాంతిలో లాగా. అంతకు ముందు ఆయన దగ్గరికి ఒక 65 ఏళ్ళ రిటైరైన సర్వేయరు వచ్చారు. గుండె రక్తనాళాలకి చికిత్స జరిగాక ఆయనకి మనసులో బొమ్మలు రావడం ఆగిపోయాయి. ఆ కేసు గురించి 2010లో రాస్తే, దాని గురించి పత్రికలో చదివిన కొందరు "మాకు పుట్టినప్పటి నుంచీ ఇంతే" అని ఉత్తరాలు రాశారు. వాళ్ళ గురించి రాసిందే 2015 పేపరు. ఎక్కడ గీత గీస్తామన్న దాన్నిబట్టి వందలో ఒకరి నుంచి నలుగురి దాకా ఇలా ఉంటారని ఇప్పటి అంచనా. అంటే మీరు చదివిన స్కూల్లో కొందరైనా ఉండి ఉంటారు, వాళ్ళకీ తెలిసుండదు.

"మాటవరసకి అనుకున్నాను" అన్నారు చూడండి, 1880లో అచ్చంగా అదే జరిగింది. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త తనకి తెలిసినవాళ్ళందరికీ ఒక ప్రశ్నావళి పంపాడు, ఈ ఉదయం మీరు టిఫిన్ చేసిన బల్లని తలుచుకోండి, వెలుతురెంత ఉంది, వస్తువులు స్పష్టంగా ఉన్నాయా, రంగులున్నాయా అని. ముందు సైంటిస్టుల్ని అడిగితే వాళ్ళలో చాలామంది "మనసులో బొమ్మ" అన్న మాటకి అర్థమేమిటో తెలియదన్నారు, అదంతా కవులు వాడే మాట అనుకున్నారు. ఆయన ఆశ్చర్యపోయాడు. ఆ తర్వాత మామూలు జనాన్ని అడిగితే అబ్బో బ్రహ్మాండంగా కనిపిస్తుంది అన్నవాళ్ళు బోలెడుమంది.

ఇక మీ ప్లాన్ సంగతి. నాకు ఈ పోస్టులో బాగా నచ్చింది అదే, ఎందుకంటే మీరూ అక్కా కలిసి ఇంట్లో కూర్చుని చేసింది షికాగో యూనివర్సిటీలో విల్మా బెయిన్‌బ్రిడ్జ్ బృందం చేసి 2021లో ప్రచురించిన ప్రయోగం లాంటిదే. గదుల ఫొటోలు చూపించి తర్వాత గుర్తు తెచ్చుకుని గీయమన్నారు. అఫాంటేసియా ఉన్నవాళ్ళు వస్తువులు తక్కువ గీశారు, రంగులు తక్కువ వాడారు, బొమ్మ గీయాల్సిన చోట పేరు రాసి వదిలేశారు. కానీ ఏది ఎక్కడుంది, ఎంత పెద్దది అన్న విషయంలో మిగతావాళ్ళకి ఏమాత్రం తీసిపోలేదు. పైగా లేని వస్తువుని గీయడం వాళ్ళలో తక్కువ. మీ అక్కగారి గడియారం గుర్తుకొచ్చిందా?

ఎందుకిలా అంటే, చూసినదాన్ని మెదడు ఒకే చోట దాచదు. వస్తువు ఏమిటి, ఎలా ఉంది అన్నది ఒక దారిన, కణతల కిందివైపు వెళ్తుంది. ఎక్కడుంది అన్నది ఇంకో దారిన, నడినెత్తి వెనక భాగం వైపు వెళ్తుంది. మీకు రెండో దారి శుభ్రంగా పనిచేస్తోంది. ఆ ఇంట్లో మిమ్మల్ని చీకట్లో వదిలేసినా నూతి దగ్గరికి నడిచి వెళ్ళిపోతారు.

దీనివల్ల ఏమీ తేడా ఉండదని మాత్రం అనను. ఇలాంటివాళ్ళలో కొందరికి మొహాలు గుర్తుపట్టడం కష్టం, చిన్ననాటి సంగతులు మిగతావాళ్ళంత వివరంగా గుర్తుండవు. కానీ పిక్సార్‌ని స్థాపించినవాళ్ళలో ఒకరైన ఎడ్ క్యాట్‌మల్‌కి మనసులో బొమ్మలు రావు, ఆ సంగతి ఆయనే బయటికి చెప్పారు. జీవితమంతా బొమ్మల సినిమాలతో గడిపిన మనిషి. ఇంకో మాట అడుగుతాను, మీకు కలలు బొమ్మలుగా వస్తాయా? చాలామందికి వస్తాయి. అడిగి తెచ్చుకునే బొమ్మ వేరు, అదంతట అది వచ్చే బొమ్మ వేరు.

హేతువు:

నాకు ఒక అనుమానం. ఒకాయన కనిపిస్తుందంటాడు, ఇంకొకాయన కనిపించదంటాడు, ఇద్దరి తలల్లోకీ తొంగిచూసినవాడు లేడు. ఇద్దరికీ ఒకేలా ఉండి, చెప్పే మాటలే వేరు కావచ్చు కదా. నేను కూడా అమ్మని తలుచుకుంటే ఏదో ఉంటుంది, కానీ దాన్ని "చూడటం" అనాలో "తెలియడం" అనాలో నిజంగా తేల్చుకోలేను. ప్రశ్నావళికి ఎవరైనా ఏదైనా రాస్తారు. పెంకుటిల్లు గారిని తప్పుపట్టడం లేదు, దీన్ని కొలిచే మార్గం ఉందా అని అడుగుతున్నాను.

మెదడు_విద్యార్థి:

సరైన ప్రశ్న. నూరేళ్ళు ఈ రంగం అక్కడే ఆగిపోయింది. సిడ్నీలో జోయెల్ పియర్సన్ అనే ఆయన ల్యాబు మాటల మీద ఆధారపడని దారులు వెతికింది.

ఒకటి, ఒక కంటికి ఎర్ర గీతలు, ఇంకో కంటికి ఆకుపచ్చ గీతలు ఒకేసారి చూపిస్తే మెదడు రెండూ కలపలేదు, కాసేపు ఇది కాసేపు అది చూస్తుంది. చూపించే ముందు "ఎరుపు ఊహించుకోండి" అంటే మామూలు వాళ్ళకి ఎరుపే ముందు కనిపించే అవకాశం పెరుగుతుంది, ఊహ ఆ పోటీలో ఒక పక్కకి మొగ్గు తెస్తుంది. అఫాంటేసియా ఉన్నవాళ్ళకి ఈ మొగ్గు రాలేదు.

ఇంకోటి కనుపాప. వెలుగు చూస్తే కనుపాప చిన్నదవుతుంది, అది మన చేతిలో లేదు, నటించలేం. వెలుగుతున్న ఆకారాన్ని ఊహించుకుంటే కూడా మామూలు వాళ్ళ కనుపాప కొద్దిగా కుంచించుకుంటుంది, ఎదురుగా ఏ వెలుగూ లేకపోయినా. 2022లో చేసిన ప్రయోగంలో అఫాంటేసియా ఉన్నవాళ్ళ కనుపాపలో ఊహించినప్పుడు ఆ తేడా రాలేదు, నిజంగా చూపించినప్పుడు మాత్రం వచ్చింది. వీళ్ళు ప్రయత్నమే చేయలేదేమో అని మీరు అడుగుతారని తెలుసు. ఒకటికి బదులు నాలుగు ఆకారాలు ఊహించమంటే కష్టపడి ఆలోచించేవాళ్ళకి కనుపాప పెద్దదైనట్టు వాళ్ళకీ పెద్దదైంది. అంటే ప్రయత్నం ఉంది, బొమ్మ లేదు.

చీకట్లో కూర్చోబెట్టి భయంకరమైన కథ చదివిస్తే మామూలు వాళ్ళకి చర్మం మీద చెమట పెరిగింది, వీళ్ళకి దాదాపు పెరగలేదు. భయంకరమైన ఫొటోలు చూపిస్తే ఇద్దరికీ పెరిగింది. భయం లేక కాదు, కథకి బొమ్మ కట్టక.

అసలు జ్ఞాపకానికీ ఊహకీ మధ్య గోడ మనం అనుకున్నంత గట్టిది కాదు. 2007లో లండన్‌లో డెమిస్ హసాబిస్, ఎలినార్ మగ్వైర్ (హసాబిస్ అంటే 2024లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న ఆయనే) మెదడులో జ్ఞాపకాలు కట్టే హిప్పోక్యాంపస్ అనే భాగం దెబ్బతిని జ్ఞాపకం పోయిన వాళ్ళని, "మీరు ఒక అందమైన సముద్రతీరాన ఉన్నారు, చుట్టూ ఏముందో చెప్పండి" అని అడిగారు. గతం గుర్తులేని వాళ్ళలో చాలామంది కొత్తదాన్ని కూడా సరిగ్గా ఊహించలేకపోయారు. ముక్కలు చెప్పారు గానీ అవి ఒక చోటుగా కలవలేదు. ఉన్న చోటుని గుర్తు చేసుకోవడానికీ లేని చోటుని కట్టడానికీ మెదడు వాడేది చాలావరకు ఒకే పనిముట్టు.

మందరస్థాయి:

నేను వయొలిన్ వాయిస్తాను, పిల్లలకి నేర్పుతాను కూడా. బొమ్మల గురించి నేను చెప్పేదేమీ లేదు, శబ్దం గురించి చెప్తాను.

పాఠం సగం బస్సులోనే సాధన చేస్తాను, వాద్యం లేకుండా. మనసులో వర్ణం మొదలుపెడితే నిజంగా వాయించడానికి పట్టేంత సమయం పడుతుంది, తొందరగా దాటేయలేను. మధ్యలో ఒక సంగతి తప్పితే వెనక్కి వెళ్ళి మళ్ళీ అందుకోవాలి. బొమ్మనైతే ఒక్కసారిగా చూసేయొచ్చేమో, పాట కాలంలో నడిచేది కాబట్టి దాని జ్ఞాపకం కూడా కాలంలోనే నడవాలి.

2005లో అమెరికాలోని డార్ట్‌మత్‌లో ఒక ప్రయోగం చేశారు. జనానికి తెలిసిన పాటలు వినిపిస్తూ మధ్యలో కొన్ని సెకన్లు ఆపేశారు. చెప్పాపెట్టకుండా నిశ్శబ్దం. తెలిసిన పాటైతే ఆ నిశ్శబ్దంలో కూడా మెదడులో వినికిడి భాగం పనిచేస్తూనే ఉంది, విన్నవాళ్ళు కూడా పాట లోపల నడుస్తూనే ఉందన్నారు. సాహిత్యం లేని సంగీతమైతే శబ్దం మొట్టమొదట చేరే భాగం దాకా ఆ కదలిక వెళ్ళింది, మాటలున్న పాటకి అంత లోతుకి వెళ్ళలేదు. దీని గురించి నేను చాలా ఆలోచించాను. మాటలుంటే మనసు మాటల్ని పట్టుకుని నడుస్తుంది, మాటల్లేకపోతే నాదాన్నే పట్టుకోవాలి. పిల్లలకి కీర్తన కంటే ముందు స్వరం ఎందుకు నేర్పుతారో నా మటుకు నాకు అప్పుడు ఇంకో రకంగా అర్థమైంది.

శ్రుతి కూడా గుర్తుంటుంది, సంగీతం రానివాళ్ళకి కూడా. డేనియల్ లెవిటిన్ 1994లో విద్యార్థుల చేత వాళ్ళకిష్టమైన రికార్డు పాట పాడిస్తే, రెండు ప్రయత్నాల్లో ఒక్కసారైనా అసలు రికార్డు శ్రుతినే పట్టుకున్నవాళ్ళు 40 శాతం.

ఇంకో సంగతి. "ఆ పాట నోట్లో నానుతోంది" అంటాం. చెవిలో అనం, నోట్లో అంటాం. అది ఊరికే అనే మాట కాదు. లోపల పాట వింటున్నప్పుడు మనకి తెలియకుండా గొంతు, నాలుక కూడా ఆ పనిలో ఉంటాయి. వదలకుండా వేధించే పాటని చూయింగ్ గమ్ నమిలితే తగ్గించవచ్చని 2015లో ఇంగ్లాండ్‌లోని రెడింగ్ యూనివర్సిటీ వాళ్ళు చూపించారు, నోటికి వేరే పనిస్తే లోపలి పాటకి ఊతం పోతుంది.

ఘంటాగణనం చూశారా ఎప్పుడైనా? అవధాని పద్యం చెప్తుంటాడు, పృచ్ఛకులు అడ్డుపడుతుంటారు, ఎక్కడో ఒకరు గంట కొడుతుంటారు, చివర్లో ఎన్ని గంటలో చెప్పాలి. చిన్నప్పుడు అవధానానికి తీసుకెళ్తే నేను పద్యాలు వదిలేసి గంటలే లెక్కపెట్టేదాన్ని, పదో గంట దాటితే తప్పిపోయేది.

పెంకుటిల్లు గారూ, ఒక పని చేయండి. మీ నాన్నగారు "ఏరా, తిన్నావా" అనేది మాటలు వదిలేసి, ఆ ఎత్తుపల్లాలు మాత్రం కూనిరాగంలా పలకండి. దగ్గరివాళ్ళు గుర్తుపడతారేమో చూడండి.

లవంగమొగ్గ:

వాసన గురించి నేను రాస్తాను, ఎందుకంటే అది పోగొట్టుకుని తెచ్చుకున్నదాన్ని.

2021 మేలో కోవిడ్ వచ్చింది. జ్వరం తగ్గింది గానీ వాసన నాలుగు నెలలు రాలేదు. ఇంగువ డబ్బాలో ముక్కు పెట్టినా ఏమీ లేదు. పోపు మాడిపోతుంటే పొగ చూసి తెలుసుకునేదాన్ని. పిల్లాణ్ణి ఎత్తుకుంటే వాడి తల వాసన తెలిసేది కాదు, నాకు అన్నిటికంటే ఏడుపొచ్చింది దానికే. అప్పుడే ఇంకోటి కనిపెట్టాను, ఆ వాసనని తలుచుకుందామన్నా రావట్లేదు. ఉందని తెలుసు, మంచి వాసనని తెలుసు, కానీ తలపులోకి రాదు. పెంకుటిల్లు గారు చెప్పినట్టే.

చదివితే తెలిసింది, వాసనని ఊహించుకోవడం చాలామందికి కష్టమే, మీ ఒక్కరికే కాదు. బొమ్మ, పాట ఊహించేవాళ్ళతో పోలిస్తే వాసన స్పష్టంగా ఊహించేవాళ్ళు తక్కువ. చూపు, వినికిడి, స్పర్శ మెదడు పై పొరకి వెళ్ళే ముందు థాలమస్ అనే మజిలీ దగ్గర ఆగి వెళ్తాయి. వాసన అక్కడ ఆగకుండానే తన చోటికి వెళ్ళిపోతుంది. ఆ చోటు భయానికీ ఇష్టానికీ సంబంధించిన అమిగ్డాలకీ, జ్ఞాపకాలు కట్టే హిప్పోక్యాంపస్‌కీ పక్కింట్లో ఉన్నంత దగ్గర. అందుకే రైస్ మిల్లులో మీకు ముందు వాసన పేరు కాదు, ఏడేళ్ళ పిల్లవాడు గుర్తొచ్చాడు. మాటలకి మాత్రం వాసన చాలా దూరం. తెలిసిన వాసనే, పేరు ముక్కు చివర ఆడుతుంటుంది, రాదు. తెలుగులో రంగులకి ఎన్ని పేర్లున్నాయి, వాసనలకి ఏమున్నాయి? కమ్మటి, ముక్క, కంపు, మాడు, ముతక, నీచు... మిగతావన్నీ "ఫలానాదాని వాసన" అనడమే. పేరు లేనిదాన్ని పిలిస్తే ఎలా వస్తుంది అని నాకనిపిస్తుంది. మలేసియా అడవుల్లో ఉండే జహాయ్ అనే జనానికి వాసనలకే ప్రత్యేకంగా పేర్లున్నాయట, రంగు పేరు చెప్పినంత సులువుగా వాసన పేరు చెప్తారని 2014లో ఒక పరిశోధన వచ్చింది.

నాకు ఉపయోగపడిన చిట్కా ఇది. మందరస్థాయి గారు గొంతు గురించి చెప్పింది ముక్కుకీ వర్తిస్తుంది. వాసన ఊహించమంటే జనం తెలియకుండానే ముక్కు ఎగబీలుస్తారు, మంచి వాసనకి గట్టిగా, చెడ్డదానికి తక్కువగా. 2003లో దీన్ని కొలిచారు. ముక్కుకి క్లిప్పు పెట్టి పీల్చనివ్వకపోతే ఊహలోని వాసన కూడా పలచబడింది. కాబట్టి ఈసారి ధాన్యం గదిని తలుచుకునేటప్పుడు కళ్ళు మూసుకుని కూర్చోకండి, నిదానంగా ఊపిరి పీల్చండి.

నాకు డాక్టరుగారు వాసన సాధన చెప్పారు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమ్మెల్ 2009లో ప్రచురించిన పద్ధతి. గులాబి, నీలగిరి, నిమ్మ, లవంగం, ఈ నాలుగూ రోజుకి రెండుసార్లు, 12 వారాలు. పీల్చేటప్పుడు అది ఒకప్పుడు ఎలా ఉండేదో గుర్తు చేసుకోమనేవారు. ఆరు వారాల దాకా ఏమీ లేదు. ఒకరోజు లవంగం దగ్గర ఏదో గీరినట్టనిపించింది, వాసన కాదు, వాసన అంచు. అంతే, అక్కణ్ణుంచి నెమ్మదిగా వచ్చాయి. అందరికీ ఇలాగే వస్తుందని చెప్పలేను, నాకు వచ్చింది. విచిత్రం ఏమిటంటే ఆ 12 వారాల తర్వాత తలుచుకుంటే లవంగం వాసన వస్తుంది నాకు. ఇప్పటికీ అదొక్కటే వస్తుంది.

చేతివేళ్ళు:

నాకు పుట్టుకతోనే చూపు లేదు. స్క్రీన్ రీడరుతో ఈ పోస్టులన్నీ వింటున్నాను. బొమ్మ రాకపోవడం గురించి ఇంత బాధ పడుతుంటే నా వైపు నుంచి చెప్పాలనిపించింది.

నాకు కలలు వస్తాయి, వాటిలో బొమ్మలుండవు. గొంతులుంటాయి, నడక ఉంటుంది, కాళ్ళకింద నేల గరుకో నునుపో తెలుస్తుంది. పెద్దయ్యాక చూపు పోయిన మా ఫ్రెండుకి కలల్లో ఇంకా మనుషులు కనిపిస్తారు. సుమారు ఏడేళ్ళ వయసు దాటాక చూపు పోయినవాళ్ళకి అలా మిగిలే అవకాశం ఎక్కువని, అంతకంటే చిన్నప్పుడే పోతే మిగలడం తక్కువని చదివాను.

కానీ చూపు లేకపోతే మనసులో ఆకారం ఉండదనుకోకండి. 1976లోనే ఒక ప్రయోగం చేశారు, రెండు ఆకారాల్ని చేత్తో తడిమి, తిప్పితే రెండూ ఒకటేనా కాదా చెప్పమన్నారు. ఎంత ఎక్కువ తిప్పాల్సి వస్తే అంత ఎక్కువ సమయం పట్టింది, పుట్టుగుడ్డివాళ్ళకి కూడా. అంటే మేమూ మనసులో తిప్పుతున్నాం. బ్రెయిలీ చదువుతున్నప్పుడు చిన్నప్పుడే చూపు పోయినవాళ్ళ మెదడులో చూపుకి సంబంధించిన భాగం పనిచేస్తుందని 1996లో తేలింది. ఖాళీగా ఉన్న గది మెదడు ఊరికే వదిలెయ్యదు.

పెంకుటిల్లు గారూ, మా నానమ్మ నాకు ఎప్పుడూ కనిపించలేదు. ఆవిడ అరచేతి మడమ దగ్గర ఒక కాయ ఉండేది, రోకలి పట్టుకుని పట్టుకుని. అది నా బుగ్గకి తగిలేది. నానమ్మ అంటే నాకు అది. ఆవిడ నాకు తక్కువ గుర్తుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. మీ పోస్టులో ఇల్లంతా అడుగుల లెక్కలో ఉంది, వింటూ ఆ ఇంట్లో నేను సులువుగా నడిచేశాను. మీ అక్కగారి బొమ్మ నాకు చదివి వినిపించినా నడవలేను.

పెంకుటిల్లు:

రెండు వారాలు ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. అన్నీ రెండేసి సార్లు చదివాను. చేతివేళ్ళు గారూ, మీ చివరి మాట అక్కకి ఫోన్లో చదివి వినిపించాను.

మెదడు_విద్యార్థి గారూ, కలల గురించి అడిగారు. వస్తాయి, బొమ్మలుగానే వస్తాయి. ఇంతకు ముందు దాన్ని పట్టించుకోలేదు. మొన్న ఒక కలలో ఆ నీలం తలుపు కనిపించింది, లేచాక నీలం అన్న మాట మిగిలింది, రంగు మిగల్లేదు. కానీ చూశాను అన్నది మాత్రం తెలుసు.

అమ్మని కూడా అడిగాను, నీకు ఇల్లు కనిపిస్తుందా అని. కాసేపు ఆలోచించి, మసగ్గా కనిపిస్తుంది గానీ నూతి దగ్గరికి వెళ్తే మాత్రం చేద తాడు అరచేతులకి తగులుతుంది అంది, చేతులు ముందుకి చాపి తోడుతున్నట్టు లాగి చూపించింది. పదహారు గుంజులట, పదిహేడోదానికి చేద అందేదట. ఇన్నేళ్ళలో ఆ లెక్క ఎవరూ అడగలేదు తనని.

ఇప్పుడు మూడో కాగితం తయారవుతోంది. ప్లాన్ నాది. దాని మీద వస్తువులు అక్క గీస్తోంది, గడియారం తీసేద్దామంటే అమ్మ ఉండనివ్వమంది. ఎక్కడెక్కడ ఏ శబ్దం వచ్చేదో నేను రాశాను, గిలక దగ్గర, మూడో మెట్టు లేని చోట పిల్లలు తూలిపడే దగ్గర, తాతయ్య మంచం దగ్గర. నూతి పక్కన 16 అని అమ్మ రాసింది.

మందరస్థాయి గారూ, మీరు చెప్పింది చేశాను. ఆదివారం అమ్మ వంటింట్లో ఉంటే హాల్లో కూర్చుని, మాటల్లేకుండా, ఏరా తిన్నావా ఎత్తుపల్లాలు ఒక్కసారి పలికాను. గరిటె చప్పుడు ఆగింది. అమ్మ గుమ్మం దాకా వచ్చి నావైపు చూసింది, ఏమీ అడగలేదు, మళ్ళీ లోపలికి వెళ్ళింది. కాసేపటికి, ఇంకోసారి అను అంది.

లవంగమొగ్గ గారూ, మీకో ప్రశ్న. అక్క వాళ్ళ ఊరి నుంచి ఒక పాత గోనెసంచీలో రెండు కేజీల వడ్లు పంపుతానంది. రోజూ రెండు పూటలా పీలుద్దామని. డబ్బాలో మూత పెట్టి ఉంచాలా, లేక సంచీలోనే వదిలెయ్యాలా? గదిలో అయితే ఎప్పుడూ గోనెసంచుల్లోనే ఉండేవి.